తంగేడు పువ్వు ఏ ఊళ్ళో పూస్తుంది?

మొన్నటి దసరా సెలవుల్లో సెంటినరీ కాలనీలో ఉన్న మా తమ్ముడి ఇంటికి వెళ్ళాను. బతుకమ్మ రోజులు. మా మరదలు బజారు నుంచి తంగేడు పూల కట్టలు రెండు, గునుగు కట్టలు నాలుగు కొనుక్కొచ్చి వరండాలో పడేసింది. వాటి ముందు గొంతుక్కూచుని ఆకులు తుంపుతున్న మా మేనకోడలు ఉన్నట్టుండి తలెత్తింది. పన్నెండేళ్ళ పిల్ల, ఏడో తరగతి.

"అత్తమ్మా, ఈ తంగేడు పువ్వు ఏ ఊళ్ళె పూస్తది?"

నాకు నవ్వొచ్చింది. కాశ్మీరు నుంచి ఆపిల్ పళ్ళు దిగినట్టు తంగేడు కూడా ఏదో దూరదేశం నుంచి లారీలో దిగుతుందనుకుంటోంది పిల్ల. చెయ్యి పట్టుకుని మేడ మీదికి తీసుకెళ్ళి రామగిరి గుట్ట వైపు చూపించాను. "అదిగో, ఆ దారి పొడుగునా పూస్తుంది. నీ వయసులో మేమే వెళ్ళి కోసుకొచ్చే వాళ్ళం. కొనడమేమిటి, సిగ్గు లేకపోతే సరి!" అన్నాను గొప్పగా.

"అయితే రేపు నేను, మా దోస్తులు సైకిళ్ళ మీద పోయి తెస్తం."

"వద్దు!"

ఆ మాట అన్నది వాళ్ళమ్మ కాదండీ, నేనే. గుట్ట వైపు చూపించిన వేలు ఇంకా గాల్లోనే ఉంది. పిల్ల నా వేలిని చూసింది, నా మొహాన్ని చూసింది. ఏమీ అనకుండా కిందికి దిగిపోయింది.

ఈ వ్యాసం ఆ పిల్లకి నేను బాకీపడ్డ జవాబు.

* * *

సెంటినరీ కాలనీ అంటే ఎక్కడో తెలియని పాఠకురాళ్ళ కోసం రెండు ముక్కలు చెబుతాను. 1871లో విలియం కింగ్ అనే దొర ఇల్లెందు దగ్గర బొగ్గు ఉందని కనిపెడితే, 1889లో అక్కడ తవ్వకం మొదలైంది. అదే పెరిగి పెరిగి సింగరేణి అయింది. 1989 నాటికి దానికి నూరేళ్ళు నిండాయి. ఆ నూరేళ్ళ పేరు పెట్టుకున్న కాలనీ ఇది. అప్పట్లో కరీంనగర్ జిల్లా, 2016 నుంచి పెద్దపల్లి జిల్లా. ఓ పక్క ఓపెన్‌కాస్టు గనులు, వాటి మట్టిగుట్టలు. ఇంకో పక్క దేవుడు చేసిన గుట్ట రామగిరి, దాని నెత్తిన పాతకాలపు కోట. వేసిన క్వార్టర్లు వేసినట్టే వరసలు తీరి, మధ్యలో వేప చెట్లతో, చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది.

1992లో మేము గోదావరిఖని నుంచి ఇక్కడికి క్వార్టరు మారాం. మా బాపు భూగర్భ గనిలో టింబర్‌మన్. అంటే గని కప్పు కూలకుండా దుంగలు నిలబెట్టే పని. నాకు పదకొండేళ్ళు, తమ్ముడికి ఎనిమిది.

పండుగకి ముందు రోజే మా పదో తరగతి వాళ్ళంతా కలుసుకున్నారు. పూర్వ విద్యార్థుల సమ్మేళనం అంటారు కదా, అదే. నేను నవలలు రాస్తానని నన్ను వేదిక ఎక్కించారు. ఏం మాట్లాడాలో ముందే అనుకోనక్కర్లేదు. ఇలాంటి సభల్లో మాట్లాడే మాటలు అందరికీ కంఠతా వచ్చు. మా రోజుల్లో సెల్‌ఫోన్లు లేవు, మా రోజుల్లో పొద్దున పోతే చీకటి పడ్డాకే ఇంటికి, మా రోజుల్లో మోకాలు చెక్కుకుపోతే మట్టి రాసుకుని మళ్ళీ ఆటే. తునికి పండ్లు, మొర్రి పండ్లు, పరికి పండ్లు, సీతాఫలాలు, ఈత చెట్లు, చిర్రగోనె, ఏడుపెంకులాట. షిఫ్టు సైరను మోగితే టైమెంతయిందో తెలిసేది, గడియారం ఎవరికి కావాలి? అలా అరగంట దంచాను. చప్పట్లు మారుమోగాయి. ఒకాయన కళ్ళు కూడా తుడుచుకున్నాడు.

దిగి వస్తుంటే, మా పై తరగతిలో చదివిన ఒకామె నా పక్కకి వచ్చి నిలబడింది. నేను గుర్తుపట్టలేదు. తనే చెప్పింది. తర్వాత చాలా మెల్లగా, తిట్టినట్టు కాదు, జ్ఞాపకం చేసినట్టు అంది.

"మంచిగ మాట్లాడినవ్ చెల్లె. మా తమ్ముడు గూడ ఉన్నడు గదా గా చిన్నతనంల."

ఉన్నాడు. నా తరగతే, ముందు బెంచీ. 1993 వానాకాలంలో, ఎవరో ఇటుకల మట్టి కోసం తవ్వి వదిలేసిన గుంతలో నీళ్ళు నిండితే ఈతకి దిగి, మళ్ళీ పైకి రాలేదు. మా అరగంట ఉపన్యాసాల్లో ఆ పిల్లాడు ఎక్కడా లేడు. ఆ ముప్ఫయ్యేళ్ళ ఫోటోలలో లేడు. మా వాట్సాప్ గ్రూపులో లేడు. ఉండడు మరి.

* * *

బొగ్గుబాయిలో ల్యాంప్‌రూమ్ అని ఉంటుంది. దిగేటప్పుడు ప్రతి మనిషీ తన నంబరు దీపం తీసుకోవాలి, ఎక్కాక తిరిగి ఇవ్వాలి. షిఫ్టు అయ్యాక ఏ నంబరు దీపం రాలేదో చూస్తే ఏ మనిషి రాలేదో తెలుస్తుంది. ఎంతమంది ఎక్కి వచ్చారన్న సంతోషం తరువాత సంగతి; ముందు రాని దీపం ఏదో చూడాలి. మా బాపు ఉద్యోగం చేసినన్నాళ్ళూ మా అమ్మ ప్రాణం ఆ లెక్క మీదే ఉండేది.

మన "ఆ రోజులే వేరు" కబుర్లలో లేనిది ఆ ల్యాంప్‌రూమ్ లెక్కే. "మేము చెట్లెక్కలేదా, వాగులు దాటలేదా, మాకేమయింది?" అంటాం. ఏమీ కానివాళ్ళం కనుకే అనగలుగుతున్నాం. అయినవాళ్ళు వచ్చి చెప్పరు కదండీ! 1990లో మన దేశంలో పుట్టిన ప్రతి వెయ్యిమంది పిల్లల్లో 120 మందికి పైగా అయిదేళ్ళు నిండకుండానే పోయారు. ఇప్పుడా లెక్క 30 దగ్గరికి దిగింది. టీకాలు, మంచినీళ్ళు, ఆస్పత్రి కాన్పులు, తల్లుల చదువు ఇవన్నీ కలిసి దించాయి. ఆ పాత కాలమే బంగారమంటే, ఈ తగ్గిన లెక్కలో బతికి బట్టకట్టిన పిల్లల మొహం చూసి అనగలమా?

ఇంకో సంగతి. ఆ స్వేచ్ఛ ఎవరిది? మా తరగతి మగవాళ్ళు చెప్పే చిన్నతనం పదో తరగతి దాటి, ఇంటర్ దాటి, డిగ్రీ దాకా సాగుతుంది. రెండో ఆట సినిమాలు, గోదావరి ఒడ్డున కబుర్లు. మా ఆడపిల్లల చిన్నతనానికి మాత్రం ఒక తేదీ ఉంది. నాది 1993 జూలై. పెద్దమనిషినయ్యాను. పేరంటానికి వచ్చినవాళ్ళు పసుపూ కుంకుమా తీసుకుని వెళ్ళారు. వెళ్తూ వెళ్తూ నా సైకిలు కూడా తీసుకెళ్ళినట్టే అయింది. మర్నాటి నుంచి అది తమ్ముడి సైకిలు. "ఇగ నీకెందుకు బిడ్డా" అంది అమ్మ, అంతే. ఎందుకని నేనూ అడగలేదు. అడగొచ్చని తెలియదు.

ఇంగ్లండులో షెఫీల్డ్ అనే ఊళ్ళో ఒకే కుటుంబంలో నాలుగు తరాల పిల్లలు ఎనిమిదేళ్ళ వయసులో ఒంటరిగా ఎంత దూరం వెళ్ళనిచ్చేవారో ఆ మధ్య లెక్క తీశారు. 1926లో ముత్తాత చేపలు పట్టడానికి ఆరు మైళ్ళు నడిచి వెళ్ళేవాడట. 2007లో మునిమనవడికి వీధి చివర దాకా, అంటే మూడు వందల గజాలు మాత్రం అనుమతి. ఈ లెక్క చెప్పగానే అందరూ అయ్యయ్యో అంటారు. నేనూ అన్నాను. తర్వాత మా ఇంటి ఆడవాళ్ళ లెక్క వేసి చూశాను. మా అమ్మమ్మ ఎనిమిదో ఏట మేకల వెంట ఎన్ని మైళ్ళైనా తిరిగేది. బడి వైపు మాత్రం ఒక్క అడుగు వెయ్యలేదు. పదకొండో ఏట అత్తారింటికి వెళ్ళింది. దాన్ని స్వేచ్ఛ అందామా, చాకిరీ అందామా? మా అమ్మ అయిదు చదివింది. నేను బి.ఏ. చదివాను. మా మేనకోడలు ఇంజనీరింగ్ చదువుతుంది. కాలేజీ కూడా పక్కనే ఉంది, పన్నూరులో జె.ఎన్.టి.యు. వాళ్ళది. ఆడవాళ్ళ వైపు నుంచి చూస్తే ఈ కథ అన్నీ దిగుడు మెట్లే కాదు.

కనుక "మా కాలమే గొప్పది" అనే పాట నేను ఇక పాడను. పాడేవాళ్ళని చూస్తే నమస్కారం పెట్టి పక్కకి తప్పుకుంటాను.

* * *

అయితే ఈ కాలం గొప్పదా? ఆగండి, అక్కడికే వస్తున్నాను.

మా మేనకోడలి దినచర్య చెబుతాను, మీ ఇంటి పిల్లకి సరిపోతుందేమో చూసుకోండి. పొద్దున్నే వ్యాను వస్తుంది, సాయంత్రం వ్యాను దింపుతుంది. తర్వాత ట్యూషన్. ఆదివారం ఐఐటీ ఫౌండేషన్ క్లాసు, ఏడో తరగతికే. సింగరేణిలో వారానికోసారి వచ్చే సెలవుని ప్లే డే అంటారు. బొగ్గు తవ్వే పెద్దవాళ్ళకి ప్లే డే ఉంది గాని, ఆడుకోవాల్సిన పిల్లలకి లేదు! కాలనీలో రాణి రుద్రమదేవి పేరు మీద స్టేడియం ఉంది. గుర్రమెక్కి యుద్ధం చేసినామె పేరు పెట్టుకున్న మైదానానికి, సాయంత్రం ఆరు దాటితే మా ఇంటి ఆడపిల్లని పంపం. తమ్ముడి కొడుకునైనా పంపుతున్నారా అంటే, వాడూ ఇంట్లోనే. ఫోను ముందు.

దీన్ని చూస్తే నాకు ఒకటనిపిస్తుంది. ఆడపిల్లలకి కూడా మగపిల్లలంత స్వేచ్ఛ ఇవ్వండని మా తరం రచయిత్రులం ఎన్ని కథలు రాశామో! సమాజం మా మొర ఆలకించింది. మగపిల్లల స్వేచ్ఛ కూడా లాగేసుకుని ఇద్దరినీ సమానం చేసింది.

నార్వే దేశంలో ఎలెన్ సాండ్‌సెటర్ అనే ఆవిడ ఉంది. పిల్లలు ఏ ఏ రకాల ప్రమాదపు ఆటలు ఆడతారో చూసి 2007లో ఆరు రకాలుగా విడదీసింది: ఎత్తులెక్కడం, వేగంగా పోవడం, పదునైన పనిముట్లు పట్టడం, నీళ్ళూ నిప్పూ దగ్గరికి పోవడం, కలియబడి కొట్టుకోవడం, పెద్దవాళ్ళ కంటపడకుండా మాయమవడం. ఇది చదివి నవ్వుకున్నాను. మేము ఈ ఆరూ మధ్యాహ్నం అన్నంవేళకే పూర్తి చేసేవాళ్ళం. నవ్వు సంగతి అలా ఉంచితే, ఆవిడ చెప్పిన మాట ఆలోచించదగ్గది. పిల్లలు తమకి ఎంత భయం కావాలో అంత కొద్దికొద్దిగా వడ్డించుకుని, భయాన్ని అరిగించుకోవడం నేర్చుకుంటారట. కింది కొమ్మ ఎక్కినవాడే పై కొమ్మ ఎక్కాలో వద్దో తేల్చుకోగలడు. అసలు చెట్టే ఎక్కనివాడికి ఆ లెక్క ఎలా వస్తుంది?

పైగా ఇంట్లో పెట్టి తలుపేస్తే ప్రమాదం బయటే ఉండిపోతుందా? ఆ ఫోనులో ఊరూ పేరూ తెలియని మనుషులు నేరుగా పిల్ల చేతిలోకి వస్తున్నారు. గుట్ట దారిలో కొత్త మొహం కనిపిస్తే ఏం చెయ్యాలో మా అమ్మమ్మలు మాకు చెప్పారు. ఈ కొత్త దారిలో ఏం చెయ్యాలో మనకే తెలియదు, ఇక పిల్లలకేం చెబుతాం? కాలు జారితే కట్టు కట్టగలం. ఇక్కడ జారితే మనకి తెలిసేసరికే ఆలస్యమైపోతుంది.

ఇదంతా ఆ రాత్రి వంటింట్లో మా మరదలికి ఉపన్యసించాను. రచయిత్రిని కదా! ఆమె చపాతీలు వత్తుతూ అంతా విని, చివరికి ఒక్కమాట అడిగింది.

"వదినా, మీ బిడ్డ ఇంటర్ల చేరేదాక హైదరాబాద్‌ల ఒక్కతే రోడ్డు దాటిందా?"

దాటలేదు. అపార్టుమెంటు గేటు దగ్గరే ఆటో ఎక్కించి, ఆటో నంబరు కాగితం మీద రాసుకున్న తల్లిని నేను.

"మరి గీ రోడ్డు మీద నా బిడ్డను సైకిలెక్కి పొమ్మంటరా? బొగ్గు లారీ, ఇసుక లారీ, బూడిద లారీ. ఒక్కటన్న ఆగుతదా? మీరు పోయిన రోజులల్ల గిన్ని ఉన్నయా?"

లేవు. నేను మాట్లాడలేదు. ఆమె పిరికిది కాదండీ. పెళ్ళయి వచ్చిన కొత్తలో ఒక్కతే కుట్టుమిషను పెట్టుకుని ఇల్లు నెట్టుకొచ్చిన మనిషి. ఆమె భయానికి కారణం ఉంది, కారణానికి నంబరు ప్లేటు కూడా ఉంది. ఈ కాలపు తల్లులు పిల్లల్ని ముద్దుచేసి పాడుచేస్తున్నారని వేదికల మీద దులిపేసే పెద్దమనుషులు ముందు ఆ రోడ్డు పక్కన పది నిమిషాలు నిలబడి రావాలి. మన పిల్లలు సున్నితమైపోలేదు. వాళ్ళు నడిచే దారిని మనం లారీలకి రాసిచ్చాం, ఆపైన పిల్లలు బయటికి రావడం లేదని వ్యాసాలు రాస్తున్నాం. నాతో సహా!

* * *

మా బాపు దగ్గర నేర్చుకున్నదొకటి చెప్పాలి. గనిలో కొత్త చోటికి వెళ్ళగానే కర్రతోనో గడ్డపారతోనో కప్పుని తట్టి వింటారు. ఖంగుమంటే గట్టిగా ఉన్నట్టు. డొల్లగా మోగితే పొర విడిపోయిందన్నమాట. దుంగ పెట్టేదాకా ఎవరూ దాని కిందికి పోరు. చిన్నప్పుడు ఇంట్లో ఇనప పెట్టె మీద, గోడ మీద, కుండ మీద తట్టి "ఇను బిడ్డా, ఇది గట్టి, ఇది డొల్ల" అని మాకు వినిపించేవాడు. అపాయముంది కనుక బాయికి పోవద్దని ఆయనకెవరూ చెప్పలేదు. పోతే మాకు బువ్వ లేదు. అపాయం చప్పుడు ఎలా ఉంటుందో నేర్పారు. దుంగ ఇచ్చారు, దీపం ఇచ్చారు, పక్కన ఇంకో మనిషినిచ్చారు.

ఆ పిల్లాడు పోయిన వారానికి మా బాపు ఓ పని చేశాడు. కాలనీలో మిగతా తండ్రులంతా నీళ్ళ వైపు పోతే కాళ్ళిరగ్గొడతామన్నారు. ఆయన ప్లే డే నాడు వెదురుగడ తీసుకుని, మా వరసలోని మగపిల్లలందరినీ వెంటబెట్టుకుని ఆ గుంత దగ్గరికి పోయాడు. ఒడ్డు పొడుగునా గడతో లోతు చూపించాడు. ఇటు మోకాలు లోతు, ఇటు నడుము లోతు, ఇదిగో ఇక్కడ ఒక్కసారి దిగిపోతుంది, చూడండి, గడ కూడా అందదు. ఆ తర్వాత వాళ్ళకి నడుముకి తాడు కట్టి లోతు తెలిసిన చోట ఈత నేర్పాడు. మా తమ్ముడికి ఈత అక్కడే వచ్చింది.

నాకు రాలేదు. నన్ను తీసుకెళ్ళలేదు.

ఇంకా లోపలి సంగతి ఒకటి ఉంది, ఇన్నేళ్ళూ ఎక్కడా రాయలేదు. ఆ గుంత ఒక ఒడ్డున ఒక్కసారిగా దిగిపోతుందని నాకు ముందే తెలుసు. అంతకు ముందు వానల్లో తామరాకుల కోసం దిగి, కాలు జారి, గడ్డి పట్టుకుని పైకొచ్చాను. ఇంట్లో తంతారని ఎవరికీ చెప్పలేదు. ఆ పిల్లాడు దిగిన రోజు నేనూ ఆ గుంపుతో వెళ్ళాల్సిందే. కాని అప్పటికి నెల రోజులుగా నన్ను గడప దాటనివ్వడం లేదు. నేనుంటే "అటు పోకురా" అనేదాన్నేమో. లేకపోతే నేనూ పోయేదాన్నేమో. నన్ను గడప లోపల పెట్టడమే నన్ను బతికించిందా, వాణ్ణి చంపిందా? ముప్ఫై ఏళ్ళకి పైగా ఈ లెక్క నాకు తేలలేదు. ఒకటి మాత్రం తేలింది: తెలిసిన అపాయాన్ని పిల్లలు ఇంట్లో చెప్పుకోలేకపోవడం, అపాయం కన్నా పెద్ద అపాయం.

అందుకే అంటున్నాను. స్వేచ్ఛ అంటే పిల్లల్ని గాలికి వదిలెయ్యడం కాదు. మా కాలం చేసింది చాలావరకు అదే. క్షేమం అంటే తలుపు గడియ పెట్టడం కాదు. ఈ కాలం చేస్తున్నది అదే. రెండింటిలోనూ పెద్దవాళ్ళకి పని తక్కువ! అసలు పని ఆ మధ్యలో ఉంది, వెదురుగడ పట్టుకుని ఒడ్డు పొడుగునా నడిచే పని.

* * *

ఒక్కరి వల్ల అయ్యే పనేనా అంటారు. కాదు. పదిమంది వల్ల అవుతుంది. ఇప్పుడు సైకిళ్ళకి స్వర్గం అని చెప్పుకునే నెదర్లాండ్స్ దేశం చూడండి. 1971 ఒక్క ఏడాదిలో అక్కడ 3,000 మందికి పైగా రోడ్ల మీద చనిపోయారు; అందులో 400 మందికి పైగా పిల్లలు. అక్కడి తల్లిదండ్రులు పిల్లల్ని ఇళ్ళల్లో పెట్టి తాళం వేసుకోలేదు. "పిల్లల హత్య ఆపండి" అని పేరు పెట్టి ఉద్యమం లేవదీశారు. రోడ్లకి అడ్డంగా కూచున్నారు, వీధులు మూసేసి పిల్లలచేత ఆడించారు. ఆ ఒత్తిడితో సైకిలు దారులు వచ్చాయి, ఇళ్ళ మధ్య బండ్ల వేగం తగ్గింది. ఇవాళ అక్కడ పసిపిల్లలు సైకిలు మీద బడికి పోతున్నారంటే అది ఆ దేశపు గాలి మహిమ కాదు.

అంతదూరం ఎందుకు? 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు ఊళ్ళో సారా దుకాణం మూయిస్తే, ఆ మంట రాష్ట్రమంతా పాకి 1993లో సారా నిషేధం వచ్చింది. అక్షరాస్యత పాఠాలు చదువుకుంటూ మొదలుపెట్టారు వాళ్ళు. బి.ఏ.లూ ఎం.ఏ.లూ చదివిన మనం, వీధిలో వేగనిరోధకం వెయ్యమని ఒక అర్జీ రాయలేమా? బడివేళల్లో లారీలని ఆ దారిన పోనివ్వొద్దని అడగలేమా? వదిలేసిన గుంతలకి కంచె వెయ్యమని, పిల్లలకి, మొగా ఆడా ఇద్దరికీ, ఈత నేర్పే ఏర్పాటు చెయ్యమని అడగలేమా? చీరల పోటీకీ, ముగ్గుల పోటీకీ పోగయ్యే మనం ఒక సాయంత్రం పిల్లల ఆటకోసం మైదానం దగ్గర వంతులవారీగా కూచోలేమా? పల్లీలు తింటూ కూచుందాం, మనకీ గాలి తగులుతుంది.

ఆడపిల్లకి ఇవన్నీ ఎందుకంటారా? 1952 నాటి గనుల చట్టం ఆడవాళ్ళని భూగర్భంలో పనికి దిగనివ్వలేదు. 2019లో ఆ గడియ కొంత తీశారు. సాంకేతిక, పర్యవేక్షణ ఉద్యోగాల్లో ఆడవాళ్ళు పగటిపూట గనిలోకి దిగవచ్చని అప్పుడు అనుమతించారు. అంటే మా బాపు తట్టి విన్న కప్పుని రేపు మా మేనకోడలు తట్టి వినవచ్చు. చట్టం గని తలుపు తెరిచింది. మనం ఇంటి తలుపు మూసి కూచుందామా? గుట్ట దారి తెలియని పిల్ల భూమి అడుగున దారి ఎలా పడుతుంది?

* * *

సద్దుల బతుకమ్మ నాటి పొద్దున మేము తంగేడుకి పోయాం. సైకిళ్ళ మీద కాదు, నడిచి. మా మరదలు, నేను, పక్క క్వార్టర్ల పిల్లలు ఆరుగురు. పెద్దరోడ్డు దాటేచోట మా మరదలు నడిమధ్యన నిలబడి చెయ్యి అడ్డం పెట్టింది. ఒక లారీ, నిజంగానే, ఆగింది. డ్రైవరు పాపం ఈ పూల దండుని చూసి నవ్వాడు కూడా.

రోడ్డు దాటి బాట పట్టాక మరదలు నా వైపు చూసింది, నేను ఆమె వైపు చూశాను. "ఇగ పోండ్రి" అంది పిల్లలతో. వాళ్ళు ముందుకి ఉరికారు. మేము కావాలనే వెనకబడ్డాం. మలుపు దగ్గర పిల్లలు కనపడకుండా పోయిన ఆ కాసేపూ నా గుండె ఎలా కొట్టుకుందో రాయడానికి నవలలు రాసే చెయ్యి కూడా చాలదు. మా అమ్మ ఇలా ఎన్ని సాయంత్రాలు గడిపిందో అప్పుడు తెలిసింది. "ఆ రోజుల్లో తల్లులకి భయాలుండేవి కావు" అని నేను వేదిక మీద అన్నాను చూశారూ, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను.

మలుపు తిరిగేసరికి బాట పక్కనంతా పసుపు. పిల్లలు ఒళ్ళలో నింపుకుంటున్నారు. మా మేనకోడలి మోచెయ్యి ముల్లు గీసుకుని రక్తం చిమ్మింది. అది చూసుకోనే లేదు. "అత్తమ్మా, ఊరికెనే పూస్తున్నయ్! పైసలు లేకుంట!" అని అరిచింది.

తిరిగొచ్చేటప్పుడు అడిగింది, వచ్చే ఏడు మేమొక్కళ్ళమే రావచ్చా అని. వాళ్ళమ్మ నా వైపు చూసింది, నువ్వే చెప్పు అన్నట్టు. ఈసారి "వద్దు" అనలేదు. వస్తువు, అయితే ఈలోపు నువ్వు ఈత నేర్చుకోవాలి, రోడ్డు సంగతి మేము చూడాలి అన్నాను.

"నువ్వు గూడ నేర్చుకుంటవా ఈత?" అంది.

నలభై అయిదేళ్ళ వయసులో! నవ్వకండి. మాటిచ్చేశాను. మీ ఊళ్ళో ఆడవాళ్ళకి ఈత నేర్పే చోటు ఎక్కడైనా ఉంటే చెప్పండి. లేకపోతే, ఎందుకు లేదో అడుగుదాం రండి.